నీ గొంతు కాస్త తగ్గించవే, తల్లీ

మీ నాన్న నీ మొదటి టీవీ న్యూస్ ప్యాకేజీ వాట్సాప్‌లో పంపాడు. కింద ఒక్క ముక్క రాయలేదు. మొన్నటిదాకా జర్నలిజం వద్దని ఇల్లంతా గోల చేసినవాడు కదా, మొహమాటం. ఊళ్లో అందరికీ పంపే ఉంటాడులే. గుంటూరు మిర్చి యార్డు, 2025లో పడిపోయిన ధర, నిమిషం నలభై సెకన్ల స్టోరీ. మొదట అందరిలా చూశాను. తర్వాత కళ్లు మూసుకుని విన్నాను. ఆ తర్వాత సౌండ్ తీసేసి బొమ్మ ఒక్కటే చూశాను. న్యూస్ డెస్క్‌లో పనిచేసిన మేనత్త ఉంటే ఇలాంటి తిప్పలు తప్పవు, భరించు.

కళ్లు మూసుకుంటే నీ గొంతు, కింద ఒక విషాద సంగీతం తప్ప దాదాపు మరేమీ వినపడలేదు. మంచి గొంతే. శ, ష, స లు ఎక్కడివి అక్కడ పలికాయి. మీ నానమ్మ ఉంటే మురిసిపోయేది. కానీ మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా నువ్వే ఉన్నావు. ఇద్దరు రైతులు వచ్చారు, ఒక్కొక్కరికి ఆరేడు సెకన్లు. వాళ్లలో తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన "పోయినేడు దాచిన సరుకే ఇంకా..." అంటుండగానే కోసేసి మళ్లీ నువ్వొచ్చావు. ఆయన ఏం చెప్పబోయాడో నాకు తెలియలేదు. కోయని రషెస్ నీ దగ్గరున్నాయి, నీకు తెలుసు. ఆయన చెప్పబోయిందే అసలు స్టోరీ అని నా అనుమానం.

సౌండ్ తీసేసి చూస్తే మిర్చి కుప్పలు, ఒక లారీ, మళ్లీ మిర్చి కుప్పలు. ఏం జరిగిందో బొమ్మ ఏమీ చెప్పలేదు. నీ మాటల వెనక ఏదో ఒకటి కదలాలి కాబట్టి కదిలింది, అంతే.

అందుకని నీకు ఒక్క సంగతే చెప్పాలనుకుంటున్నాను, కాస్త వివరంగా. టీవీ స్టోరీ రాసేవాళ్లు ముందుగా కనిపెట్టాల్సింది తాము ఎక్కడ మాట్లాడక్కర్లేదో. మాట్లాడాల్సిన చోటు ఆ తర్వాత దానంతటదే తేలుతుంది.

యార్డు నుంచి తిరిగొచ్చే దారిలో బండిలో కూర్చుని ఫోన్‌లో స్క్రిప్టు కొట్టేశావు కదూ? చూస్తేనే తెలిసిపోతోంది. బొమ్మ చూడకుండా రాసింది పేపర్ వార్త అవుతుంది. దాన్ని చదివి, మీద విజువల్స్ పరిస్తే ప్యాకేజీ అయిపోదు. రషెస్ మొత్తం సౌండ్‌తో సహా చూడు. ఏ బైట్‌లో (మనుషులు మాట్లాడిన ముక్కలో) ఎక్కడ మాట బాగా వచ్చిందో, ఎక్కడ యాంబియన్స్, అదే చుట్టుపక్కల చప్పుడు, బాగుందో టైమ్‌కోడ్ రాసుకో. ముందు బైట్లు వరసలో పెట్టుకో. ఒక బైట్ నుంచి ఇంకో బైట్‌కు వెళ్లడానికి చూసేవాళ్లకు ఏ సమాచారం కావాలో అంతవరకే వాయిస్ ఓవర్ (వీవో) రాయి. యాంకర్ లీడ్ అన్నిటికంటే చివర. చాలామంది లీడ్ ముందు రాసి, దానికి తగ్గట్టు మిగతాది సాగదీస్తారు. అప్పుడేమవుతుందంటే, ధర పడిపోయిందని యాంకర్ చెబుతుంది, ధర పడిపోయిందని నీ వీవో చెబుతుంది, ధర పడిపోయిందని రైతు చెబుతాడు. నిమిషంన్నరలో ఒకే మాట మూడుసార్లు. నీ ప్యాకేజీలో జరిగిందీ అదే.

"టైమ్ ఎక్కడుంటుంది అత్తా, ఏడు గంటల బులెటిన్‌కు ఫీడ్ పంపాలి" అంటావు. నిజమే. అలాంటి రోజు బండిలో కూర్చుని స్క్రిప్టు కొట్టే బదులు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బైట్లు విను. గుంటూరు నుంచి విజయవాడ వచ్చేలోపు ఏ రెండు బైట్లు కావాలో తేలిపోతుంది. స్క్రిప్టు అప్పటికే సగం అయినట్టు.

యాంబియన్స్ సంగతి చూద్దాం. మిర్చి యార్డులో అడుగు పెట్టగానే ఎవరికైనా మొదట వచ్చేది తుమ్ము. నీకూ వచ్చే ఉంటుంది, నీ కెమెరామన్ దగ్గుతూనే షూట్ చేసి ఉంటాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే హమాలీల కేకలు, కాటా చప్పుడు, కాయ విరిచి చూసి పెదవి విరిచే కొనుగోలుదారు, రంగు పోయిన తాలుకాయలు ఎక్కువున్నాయని వాదన. ఇవన్నీ రికార్డయి ఉంటాయి. నువ్వు వాటి ఆడియో మొత్తం మ్యూట్ చేసి నీ గొంతు వేశావు. ఆ ఘాటుకు ఒక హమాలీ తుమ్మే షాట్‌తో, ఆ సౌండ్‌తో స్టోరీ మొదలుపెట్టి చూడు. నాలుగైదు సెకన్లు నువ్వు నోరు విప్పకు. ఆదిలాబాద్‌లో కూర్చున్నవాళ్లకు కూడా తామెక్కడున్నారో అర్థమవుతుంది. "ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన గుంటూరు మిర్చి యార్డు" అన్న వాక్యం దానితో పోతుంది. పోతే నష్టం లేదు, అది ప్రతి ఫిబ్రవరిలోనూ ప్రతి చానల్లోనూ వినపడే వాక్యమే.

ఇక ఆ విషాద సంగీతం. అది నీ తప్పు కాదని తెలుసు, ఎడిట్ బేలో అలవాటుగా వేస్తారు. ప్రతి కూరలోనూ ఒకే మసాలా పొడి గుమ్మరిస్తే వంకాయకూ బెండకాయకూ తేడా ఏముంటుందే? మనిషి బాధ మాట్లాడుతుంటే కింద వయొలిన్ ఎందుకు? తీసేయమని అడుగు. ఎడిటర్ ఒకటి రెండుసార్లు విసుక్కుంటాడు, తర్వాత అలవాటవుతుంది.

ఇప్పుడు నీ వాక్యాల దగ్గరకు వస్తాను. కోపం తెచ్చుకోకు. నీ రెండో వీవోలో ఉన్న వాక్యం ఇది: "రెండేళ్ల కిందట క్వింటాలు 20 వేల రూపాయలకు పైగా పలికిన తేజ రకం మిర్చి ధర ఈ ఏడాది ఎగుమతులు మందగించడంతో పాటు శీతల గిడ్డంగుల్లో నిల్వలు పేరుకుపోవడంతో భారీగా పతనం కావడంతో పెట్టుబడులు కూడా తిరిగిరాని పరిస్థితి నెలకొనడం జరిగింది." గుక్క తిప్పుకోకుండా చదివావు, ఆ ఊపిరికి దండం. మనది క్రియ చివర వచ్చే భాష. ఆ చివరి మాట వచ్చేదాకా విన్నవాళ్లకు ఏమైందో తేలదు. పేపర్లో అయితే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. పైగా నీ వాక్యం "తేజ రకం" దగ్గరున్నప్పుడు తెరమీద కాయలున్నాయి, "పరిస్థితి" దగ్గరకొచ్చేసరికి లారీ వచ్చింది. లారీకీ పెట్టుబడికీ ఏం సంబంధం?

దాన్నే విడదీసి చూడు. రెండేళ్ల కిందట తేజ రకం క్వింటాలు ఇరవై వేలు దాటింది. ఇప్పుడు అందులో సగానికి కాస్త పైన. బయటి దేశాల కొనుగోళ్లు తగ్గాయి. పోయినేటి సరుకు ఇంకా కోల్డ్ స్టోరేజీల్లోనే ఉంది. నాలుగు ముక్కలు, నాలుగు బొమ్మలు. చివరి ముక్క అయితే నువ్వు చెప్పక్కర్లేదు కూడా. తువ్వాలు పెద్దాయన చెబుతున్నాడుగా! ఆయన్ని చెప్పనివ్వు.

తేట వాక్యాలంటే గుర్తొచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983 నవంబర్ 14న తెలుగు వార్తలు మొదలైనప్పుడు చదివినవారు శాంతి స్వరూప్ గారు. టెలిప్రాంప్టర్ లేని రోజులు. స్క్రిప్టు కంఠస్థం చేసి, కెమెరాలోకి చూస్తూ చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు అందరూ ఆ నిదానాన్నీ, ఉచ్చారణనూ తలుచుకున్నారు. నాకు మాత్రం ఆయనకు కాపీ రాసిచ్చినవాళ్లు గుర్తుకొస్తారు. మనిషి బట్టీ పట్టగలిగేలా రాయాలంటే వాక్యం ఎంత తేటగా ఉండాలో ఆలోచించు. స్క్రిప్టు అయ్యాక పక్క సీటు పిల్లను పిలిచి ఒకటికి రెండుసార్లు చదివి వినిపించు. చూడకుండా తిరిగి చెప్పమను. ఎక్కడ తడబడితే అక్కడ నీ వాక్యం బాగాలేదు. ఆ పిల్లకు జ్ఞాపకశక్తి తక్కువని అనుకోకు.

అంకెల విషయంలో కూడా ఇదే. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. నువ్వు ఆ అంకెను పూర్తిగా పలికావు. వినేవాళ్లు "ఏడు వందల" దగ్గర ఉండగానే నువ్వు తర్వాతి వాక్యానికి వెళ్లిపోయావు. నోటితో "దాదాపు పన్నెండు వేలు" అను, కచ్చితమైన అంకె గ్రాఫిక్ ప్లేట్ మీద వెయ్యి. అది నిలబడి ఉంటుంది, కావాల్సినవాళ్లు చదువుకుంటారు. ఆ తర్వాత ఎకరాకు పెట్టుబడి ఎంతయిందో రైతు చేత చెప్పించు. అప్పుడు పన్నెండు వేలంటే ఏమిటో వీక్షకులే లెక్కేసుకుంటారు. "గోరుచుట్టుపై రోకలిపోటు" అని నువ్వు అనే పని ఉండదు.

ఆ మాటకొస్తే నీ హెడింగ్ చూసి నవ్వొచ్చింది. "ఘాటు తగ్గిన మిర్చి, రైతు కంట కన్నీరు." ధర పెరిగితే ఘాటెక్కిన మిర్చి, తగ్గితే ఘాటు తగ్గిన మిర్చి, ఉల్లి అయితే కోయకుండానే కన్నీళ్లు. 2003 చివర్లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చి రోజంతా వార్తలు మొదలయ్యాయి. అప్పటికి నువ్వు ఇంకా పలక పట్టలేదు. ఈ చమత్కారాలు అప్పటి నుంచీ తిరుగుతున్నాయి. అరిగిపోయాయమ్మా, వాటిని ఇక వదిలెయ్.

బైట్ తీసుకోవడం దగ్గర నీకు అసలైన శిక్షణ కావాలి. మనుషుల చేత మాట్లాడించాలంటే ముందు మైకును వాళ్ల నోటికి అడ్డం తీయి. చానల్ లోగో కనపడాలని అందరూ మూతి మీద పెడతారు. రైతు కుప్ప పక్కన గొంతుకూర్చుని ఉంటే నువ్వూ కూర్చో, కెమెరా కూడా కిందికి దిగాలి. నిలబడి మైకు దించితే పోలీసు విచారణలా ఉంటుంది. "ధర తగ్గింది కదా, నష్టపోయారు కదా" అని జవాబును ప్రశ్నలో పెట్టి అడిగితే "అవునండీ" తప్ప ఏమొస్తుంది? "ఈ సరుకు ఎప్పుడు తెచ్చారు? ఎంతకు అడిగారు? ఎందుకు ఇవ్వలేదు?" అని అడుగు. జవాబు అయిపోయిందనుకున్నాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకు. కొంచెం ఊరుకో. అసలు మాట ఆ ఖాళీలోంచే వస్తుంది. అంతదాకా మీడియాకు చెప్పాల్సింది చెప్పినవాళ్లు, ఆ క్షణంలో తమకు చెప్పుకోవాల్సింది చెబుతారు. కెమెరామన్‌కు ముందే చెప్పి పెట్టుకో, నువ్వు తల ఊపేదాకా కట్ చేయొద్దని.

పేరూ ఊరూ రాసుకో, తెర కింద పేరు వేసే ఆస్టన్‌లో తప్పు పోకుండా. ఇంటిపేరుతో సహా అడుగు.

యాస మార్చకు. నీ ప్యాకేజీలో రెండో రైతు పల్నాడు యాసలో చక్కగా అన్న మాటను నువ్వు వెంటనే పుస్తక భాషలో తిరిగి చెప్పావు, ఆయన తెలుగు తెలుగువాళ్లకు అర్థం కాదన్నట్టు. వీ6 చానల్లో ‘తీన్మార్ వార్తలు’ తెలంగాణ యాసలో చెబితే జనం ఎగబడి చూశారుగా. యాస అడ్డమని ఇంకా అనుకునేవాళ్లు డెస్క్‌లలో ఉన్నారు, వాళ్లతో వాదించు. గొడవైతే నా పేరు చెప్పు, నాకు కొత్తేమీ కాదు.

చావు ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఈ బైట్ల పాఠం పక్కన పెట్టు. కొడుకు పోయిన తల్లిని "ఎలా అనిపిస్తోంది" అని అడగడానికి ఏ ఉద్యోగమూ నిన్ను బలవంతపెట్టకూడదు. పెడితే బయట గేటు దగ్గర బంధువుల్లో మాట్లాడగల స్థితిలో ఉన్నవాళ్లను వెతుక్కో. ఏడుపు మీద జూమ్ చేసిన షాట్ పంపకు. పంపితే వాడతారు. లేకపోతే లేకుండానే స్టోరీ వెళుతుంది.

కెమెరా పని నీది కాదనుకోకు. ఏ షాట్ కావాలో చెప్పాల్సింది నువ్వే. ఒక పనిని వైడ్‌లో, మిడ్‌లో, క్లోజ్‌లో తీస్తే ఎడిట్‌లో అది కదులుతుంది. కుప్ప పోయడం, కాయ విరవడం, తూకం, కాగితం మీద అంకె రాయడం, ఆ అంకె చూసిన మొహం. ఈ వరస నీ దగ్గరుంటే మిర్చి అమ్మకం ఎలా జరుగుతుందో ఒక్క మాట లేకుండా చూపించవచ్చు. ప్రతి షాట్ పది సెకన్లు కదలకుండా పట్టమను. సీనియర్ కెమెరామన్‌కు ఎలా చెప్పాలని భయమా? "అన్నా, ఆ చేతులు క్లోజ్‌లో ఒకటి తీస్తావా" అంటే కాదనేవాళ్లు నాకు కనపడలేదు. ఊరి నుంచి వార్తలు పంపే స్ట్రింగర్‌తోనూ అంతే. ఆయనకు దక్కేది చాలా తక్కువ, ఊరి గురించి తెలిసింది చాలా ఎక్కువ. సెంటర్ నుంచి వచ్చామని మైకు లాక్కోకు.

పాత విజువల్స్ వాడాల్సి వస్తే తెరమీద "ఫైల్" అని వెయ్యించు. పోయినేటి నిండు యార్డును ఈ ఏటి వార్తలో చూపిస్తే, నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజమైనా స్టోరీ అబద్ధమే. "ఇంకోసారి బస్తా ఎత్తండి, షాట్ మిస్ అయింది" అని హమాలీని అడగకు. రోజంతా బరువులు ఎత్తే మనిషి, కాసేపు ఆగితే మళ్లీ తనే ఎత్తుతాడు.

పీటీసీ (పీస్ టు కెమెరా) గురించి అడుగుతావని తెలుసు, ఎందుకంటే నీదే అందులో అన్నిటికంటే పొడుగు. కెమెరా చూపించలేనిది ఏదైనా ఉంటే అప్పుడు నువ్వు తెరమీదకు రా. ఉదాహరణకు ఈ ధర ఖాయం చేసే బేరం గది లోపలికి కెమెరాను రానివ్వలేదనుకో, ఆ మాట ఆ తలుపు ముందు నిలబడి చెప్పు. కుప్పల మధ్య నడుస్తూ "రైతులను ఆదుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది" అనడానికి నువ్వక్కర్లేదు. మీ నాన్నకు నీ మొహం చూడాలని ఉంటుంది, అది వేరే సంగతి.

లైవ్ మాత్రం వేరే లోకం. అక్కడ మౌనంగా ఉండనివ్వరు, "కంటిన్యూ, కంటిన్యూ" అని ఇయర్‌పీస్‌లో వినపడుతూనే ఉంటుంది. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో ఆచూకీ లేకుండా పోయింది. పావురాలగుట్ట మీద శకలాలు కనపడింది మర్నాటి ఉదయం. ఆ మధ్య సమయమంతా జనం టీవీల ముందే ఉన్నారు, చెప్పడానికి మాత్రం కొత్త సమాచారం లేదు. అలాంటి సమయంలోనే వదంతి వార్త వేషం వేసుకుని లోపలికి వస్తుంది. నీకు అలాంటి రోజు వస్తే మూడే మాటలు పట్టుకో: ఇప్పటికి తెలిసింది ఇది, చెప్పింది ఫలానా వారు, ఫలానా సమయానికి. నాలుగోది అడిగితే "ఇంకా తెలియలేదు" అను. యాంకర్ గుచ్చి గుచ్చి అడిగినా అదే అను. ఎవరో అనుకుంటున్నారట అన్నదాన్ని మోసుకురాకు.

నోరు విప్పడం ప్రాణాల మీదకు తెచ్చే రోజులూ ఉంటాయి. 2008 నవంబర్‌లో ముంబైలో ఉగ్రదాడి జరిగినప్పుడు కమాండోలు హోటళ్ల మీద, నారిమన్ హౌస్ మీద ఆపరేషన్ చేస్తుంటే దేశమంతా లైవ్‌లో చూసింది. లోపలున్న ఉగ్రవాదులకు బయటినుంచి ఫోన్‌లో సూచనలు ఇస్తున్నవాళ్లూ ఆ టీవీలే చూశారు. 2015లో కేబుల్ టీవీ నిబంధనలు సవరించి, అలాంటి ఆపరేషన్ ముగిసేదాకా లైవ్ కవరేజీ వద్దనీ, నియమిత అధికారి ఇచ్చే సమాచారానికే పరిమితం కావాలనీ పెట్టారు. ఆ నిబంధన చదివి ఉంచుకో.

బయటపెట్టకూడనిది ఇంకొకటుంది. పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో పోక్సో చట్టం 23వ సెక్షన్, అత్యాచార బాధితుల విషయంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ వాళ్ల గుర్తింపు బయటపెట్టవద్దంటాయి. మన దగ్గర మొహం మీద బ్లర్ వేసి పని అయిపోయిందనుకుంటారు. వెనక ఇంటి తలుపు కనపడుతుంది, తండ్రి గొంతు మార్చకుండా వేస్తారు, ఆస్టన్‌లో ఊరి పేరు వేస్తారు, స్కూల్ యూనిఫాం రంగు చూపిస్తారు. ఊళ్లోవాళ్లకు ఇంకేం కావాలి? అలాంటి స్టోరీ కట్ అయ్యాక, ఆ వీధిలో ఉండే పక్కింటావిడ కళ్లతో ఒకసారి చూడు. ఆమెకు తెలిసిపోయే ఆనవాలు ఒక్కటున్నా తీసెయ్యి.

గురువారాలు రేటింగులు వస్తాయి. ఆ రోజు న్యూస్‌రూమ్‌లో ఎవరి మాటా పట్టించుకోకు, నాదైనా సరే.

చివరగా రన్‌డౌన్, అదే బులెటిన్ వరస. బులెటిన్ మొదలయ్యాక ఎక్కడో ఏదో జరుగుతుంది. నీ నిమిషం నలభై సెకన్ల ప్యాకేజీని ముప్పై సెకన్ల ఏవీబీ చేయమంటారు. అలగకు, ఇది రోజూ జరిగేదే. ఏవీబీ అంటే యాంకర్ రెండు వాక్యాలు చదువుతుంది, మీద విజువల్స్, చివర ఒక బైట్. ఆ బైట్ ఏదన్నది నువ్వు చెప్పకపోతే పీసీఆర్ (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్)లో హడావుడిగా మొదటి బైట్‌లో మొదటి ఆరు సెకన్లు కోసి వేస్తారు. అందులో సాధారణంగా "నమస్కారమండీ, నా పేరు" తప్ప ఏమీ ఉండదు. అందుకని స్క్రిప్టు పైనే రాసి పెట్టు: కుదించాల్సి వస్తే ఫలానా రైతు, ఫలానా టైమ్‌కోడ్ నుంచి, మాట పూర్తయ్యేదాకా. ఫోన్ ఎత్తకపోతే మెట్లెక్కి పీసీఆర్‌కు నువ్వే వెళ్లు.